చుట్టా చుట్టమూ

మా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే గది ఎక్కడుందని అడిగితే గేటు దగ్గర సెక్యూరిటీ కూడా కాసేపు తల గోక్కుంటాడు. ఎక్స్‌రే గది దాటాక, మరుగుదొడ్లకి ఇవతల, విరిగిన వీల్‌చెయిర్లు పారేసే మూల పక్కన ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ, నేను. నా పేరు నూకరత్నం. ఉద్యోగం పేరు కౌన్సెలర్. డాక్టర్ల నోట మాత్రం "ఆ మాట్లాడే ఆవిడ".

మాట్లాడటమంటే మా డాక్టర్లకి అంత చులకన. రోగి మొహం చూడకుండా "పొగాకు మానేయాలి" అని ఒక ముక్క విసిరి, మందుల చీటీ చేతిలో పెడితే వాళ్ళ లెక్కలో పని అయిపోయినట్టే. సగం జీవితం మనిషిని పట్టుకుని ఉన్న అలవాటు ఆ ఒక్క ముక్కకి హడలిపోయి పారిపోవాలి మరి. పారిపోలేదంటే రోగికి బుద్ధి లేదని అర్థం. ఆ బుద్ధి లేనివాళ్ళని నా గదికి తోలేస్తారు.

వాళ్ళు అడిగే తీరు కూడా అలాగే ఉంటుంది. "స్మోకింగ్ ఉందామ్మా?" అంటారు. సముద్రం ఒడ్డు పాలేల నుంచి వచ్చిన ముసలమ్మలు "నేదు బాబూ" అంటారు. అది అబద్ధం కాదు. స్మోకింగ్ అంటే ప్యాంట్లేసుకున్న మగాళ్ళు బడ్డీ దగ్గర నిలబడి చేసేది. వీళ్ళది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటిలోపల పెట్టుకుని పెదాలు మూసేస్తారు. ఒడ్డు గాలికి చుట్ట ఆరిపోదు. చంకలో పిల్ల మీద నిప్పురవ్వ రాలదు. రెండు చేతులూ వలకో గంపకో మిగులుతాయి. తెలివైన ఏర్పాటే, కాలేది అంగిలి ఒక్కటే. డాక్టరుగారు మాత్రం "పొగాకు లేదు" అని రాసేసుకుని, తర్వాత ఆ నోట్లోకి టార్చి వేసి ఆశ్చర్యపోతారు.

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. భీమిలి దాటాక ఇసుక మీద ఉన్న పాలెం మాది. మా అమ్మ అసిరితల్లి నోట్లో నిప్పు పెట్టుకునే నాకు పాలిచ్చింది, నోట్లో నిప్పు పెట్టుకునే నన్ను బడికి తరిమింది. పొద్దున్నే బోటు దగ్గర చేప ఎత్తుకుని గంప నెత్తిన పెట్టుకుని భీమిలి సంతకి పోయేది. అక్కడ కొనడానికి వచ్చిన ఆడవాళ్ళందరినీ "రా కూతురా, సూడు కూతురా" అని పిలిచేది. నా చిన్నప్పుడు నాకది ఒళ్ళుమంటగా ఉండేది. ఊళ్ళో అందరూ నీ కూతుళ్ళేనా, మరి నన్నెందుకు "గుంటా" అంటావని ఒకసారి గొడవ పెట్టుకున్నాను.

"ఆల్లు కొనుక్కునే కూతుర్లే. నువ్వు కన్న గుంటవి," అంది అమ్మ. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు.

పెళ్లయి విశాఖపట్నంలో కాపురం, ఉద్యోగం. సెలవు దొరికిన ఆదివారం పాలెం వెళ్ళేదాన్ని. గుమ్మంలో కాలు పెట్టగానే అమ్మ నా తల వంచి మాడు మీద వాసన చూసేది. "నూనె రాయలేదే గుంటా, ఇంత సదివినావు, తలకి నూనె రాసుకోడం తెల్దు," అనేది. చుట్ట వాసన నాకు పడదని, నేనున్నంతసేపూ దాన్ని చూరులో దోపేసేది. వంజరం తలకాయ నా కంచంలో వేసి, తమ్ముడు దానయ్య అడిగితే కసిరేది. నేను బస్సుకి లేస్తే మాత్రం ఎత్తిపొడుపు మొదలు. "పెల్లయిన ఆడపిల్ల సుట్టవే గదా. సుట్టపుసూపుకి వొస్తాది, కూడు తినీసి ఎల్లిపోద్ది." ఆ మాట అంటూనే బస్టాపు దాకా వెంట వచ్చేది.

దానయ్య ఒకరోజు ఆమెని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. అంగిట్లో పుండు. సర్జన్ చూసి, పుండు ఇంకా చిన్నదే, ఆ ముక్క కోసేసి పళ్ళసెట్టులాంటి పలక బిగిస్తే బతుకుతుంది అన్నాడు. కాకపోతే ముందు చుట్ట మానాలి. మళ్ళీ నిప్పు తగిలితే కోత మానదు, పుండు మళ్ళీ పుడుతుంది, రెండోసారి కోయడానికి అక్కడ ఏమీ మిగలదు. ఇంత వివరంగా చెప్పినందుకు ఆయనకి దండం పెట్టాలి. నేను స్టాఫు కాబట్టి చెప్పాడు.

ఊరందరి చేత మాన్పించే పని నాది. మా అమ్మ చేత మాన్పించలేకపోయాను. నా దగ్గరున్న విద్యలన్నీ వాడాను. బుగ్గన లవంగం పెట్టుకోమన్నాను, ఆశ పుట్టినప్పుడు నీళ్ళు పుక్కిలించమన్నాను, చేతికి వల అల్లే పని ఇమ్మని దానయ్యకి చెప్పాను. ఆమె అన్నీ చేసింది, చుట్టా కాల్చింది. నేను ఫోన్లో అరిస్తే నెమ్మదిగా అంది:

"నీ మాట ఇనక కాదే గుంటా. మాట సెవికాడ ఆగిపోతాది, ఆశ ఆగదు. దానికి సెవుల్లేవు."

సరిగ్గా అప్పుడే మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు విదేశాల్లో ఏదో సభకి వెళ్ళి ఒక యంత్రాన్ని వెంటబెట్టుకొచ్చారు. దానికి పై అంతస్తులో ఏసీ గది, గాజు తలుపు, మంగలి షాపు కుర్చీలాంటి కుర్చీ, పైన వేలాడే టోపీ. నా గదికి ఫ్యాను బాగుచేయించడానికి దిక్కులేని ఆసుపత్రి ఆ గదికి పాలరాయి పరిపించింది. పేరు పెట్టడానికి ఒక కమిటీ కూర్చుని, జీడిపప్పు ఉప్మా తిని, 'విరక్తి' అని తేల్చింది.

టోపీ పెట్టుకున్న రోగిని తన అలవాటు గురించి మాట్లాడమంటారు. యంత్రం వింటూ ఉంటుంది. సిగరెట్టు అన్న మాట వచ్చినప్పుడల్లా మెదడులో ఏ మూల వెలుగుతోందో పట్టుకుని, అక్కడి లాగుడుని కొంచెం కొంచెంగా వదులు చేస్తుంది. జ్ఞాపకం పోదు, ఇష్టం పోతుంది. ఆ తర్వాత రోగికి సిగరెట్టంటే ఏమిటో తెలుసు, కాల్చిన రోజులూ గుర్తే, కానీ దాన్ని చూస్తే ఎవరిదో పాత చెప్పుని చూసినట్టుంటుంది.

మొదటివాళ్ళలో సత్తిబాబని ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. టోపీ కింద కూర్చుని మాట్లాడినంతసేపూ "టీ సిగరెట్టు, టీ సిగరెట్టు" అని రెండూ కలిపే అన్నాడట పాపం. సిగరెట్టు పోయింది, టీ కూడా పోయింది. నా గదికి వచ్చి, "పొద్దున్నే దేనికోసం లెగాలో తెలీట్లేదు మేడమ్," అని కూర్చున్నాడు. ఆ సంగతి డైరెక్టరుగారికి చెప్పాను.

"టీ ఒకటి పోతే పోయింది. గ్యాస్ ట్రబుల్ తగ్గుతుంది," అన్నారాయన. చుట్టూ ఉన్న డాక్టర్లు నవ్వారు. పెద్దాయన జోకేస్తే నవ్వడం మా ఆసుపత్రిలో డ్యూటీ కిందే లెక్క. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టేవాడు కూడా ఇలాగే నవ్వుతాడు కాబోలు అనుకున్నాను.

యంత్రాన్ని నడపడానికి హైదరాబాదు నుంచి ప్రణీత్ అనే ఇంజనీరొచ్చాడు. గంటకోసారి జనరేటర్ షెడ్డు వెనక్కి పోయి సిగరెట్టు కాల్చి, ఏలక్కాయ నములుతూ తిరిగొచ్చి విరక్తి ముందు కూర్చునేవాడు. టోపీ నువ్వు కూడా పెట్టుకోవచ్చుగా బాబూ అంటే, "నేను ఎప్పుడనుకుంటే అప్పుడు మానేస్తా మేడమ్. నాకది అడిక్షన్ కాదు," అన్నాడు. ఆ మాట మా మరుగుదొడ్ల పక్క గదిలో నేను రోజూ వింటాను. అక్కడ చెప్పేవాళ్ళకి ఏలక్కాయలుండవు, అంతే తేడా.

అమ్మ పుండు పెరుగుతోంది. గంజి తాగినా మంట అంటోంది. చివరికి ఆమే అడిగింది. "ఆ టోపీ ఏదో ఎట్టించీ నాకు."

నేను సత్తిబాబు టీ సంగతి చెప్పాను. "టీ పోతే పోనీ. నాను తాగేది గంజే కదేటి," అని నవ్వింది. చుట్టతో పాటు ఇంకేం పోవచ్చో నేనూ ఆలోచించాను. ఒడ్డు మీద కూర్చోవడం పోవచ్చు. చూరు కింద పొద్దుటి పూట పోవచ్చు. పోతే పోనీ, నాకు అమ్మ బతకాలి. అంతకంటే వేరే ఏదీ నాకక్కర్లేదు.

గాజు తలుపు మీద 'రోగి బంధువులు బయటే ఉండవలెను' అని బోర్డు. నేను స్టాఫుని, అమ్మ మాట మీకు అర్థం కాకపోతే చెబుతాను, లోపలికి రానివ్వమన్నాను.

"అవసరం లేదు మేడమ్. సిస్టమ్‌కి తెలుగు వచ్చు," అన్నాడు ప్రణీత్.

గాజులోంచి చూస్తూ నిలబడ్డాను. నెత్తిన ఆ టోపీతో అమ్మ చేతులు తిప్పుకుంటూ మాట్లాడుతోంది. మధ్యలో ఒకసారి నవ్వింది. ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చుట్ట గురించి ఏడుపేమిటో అనుకున్నాను.

బయటికి వచ్చాక దానయ్య జేబులోంచి చుట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవులిదిరా ఇది? అవతల పారీ," అంది. గాజు తలుపు అవతల చప్పట్లు. పరాంకుశంగారు ప్రణీత్ భుజం తట్టారు. నాకూ ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ అమ్మ ముందుకెళ్ళి తల వంచాను.

ఆమె నా మాడు వైపు చూసింది. "కొంచెం జరుగమ్మా, తోవకడ్డం," అని నన్ను దాటుకుని దానయ్య దగ్గరకి పోయింది. "ఏరా దానిగా, కూడు తిన్నావా? మొకం ఏటలా పీక్కుపోనాది?"

అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాను. మనిషి తనకి తాను చెప్పుకునే అబద్ధాల్లో అంత తేలికైనది ఇంకోటి లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ మాట చెప్పకపోతే నా నాలుక కుళ్ళిపోతుంది. కోత శుభ్రంగా మానింది, పలక సరిగ్గా అతికింది, మొదట్లో కొంచెం ముక్కుతో మాట్లాడినా తర్వాత మాట సర్దుకుంది. నేను డ్యూటీ అయ్యాక రోజూ మంచం పక్కన కూర్చునేదాన్ని. అమ్మ పక్క మంచం ఆవిడతో కబుర్లాడేది, ఊడ్చే అమ్మాయికి పాట నేర్పేది, తమ్ముణ్ణి తిట్టేది. నన్ను తిట్టలేదు. పక్క మంచం ఆవిడ ఒకరోజు "మీ అమ్మాయేనా?" అని అడిగింది.

"అవునమ్మా, నా కడుపునే పుట్టింది. ఇక్కడే పని సేస్తాది. మంచి మనిషి," అంది అమ్మ. బస్సు ఎన్ని గంటలకని అడిగితే చెప్పే గొంతు అది.

డిశ్చార్జి రోజున డైరెక్టరుగారికి ఫోటో కావాల్సొచ్చింది. కౌన్సెలరు మాన్పించలేనిది యంత్రం మాన్పించింది, పైగా కౌన్సెలరు సొంత తల్లి. ఇంతకంటే మంచి కథ ఆయనకి దొరకదు. మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. దగ్గరకి జరగమని ఫోటోగ్రాఫరు అంటే అమ్మ నా వైపు జరగలేదు, బస్సులో పక్కవాళ్ళకి చోటిచ్చినట్టు అటు సర్దుకుని నన్ను జరగమంది. ఆ ఫోటో ఇప్పుడు మా ఆసుపత్రి మెట్ల దగ్గర నిలువెత్తు పోస్టరు. కింద పెద్ద అక్షరాలతో 'మీ వాళ్ళ కోసం మానేయండి' అని ఉంది. రోజూ దాని ముందునుంచే పనికెళ్తాను.

ఆ తర్వాతి ఆదివారం పాలెం వెళ్ళాను. అమ్మ చాప వేసింది, మంచినీళ్ళిచ్చింది. "మొగమాటపడకుండా తిను," అంది. వంజరం తలకాయ దానయ్య కంచంలో పడింది. వాడు నావైపు చూసి, తలకాయ తీసి నాకు వేయబోతే, "నువ్వు తినరా, ఆ అమ్మకి ముక్కలేసినాను కదా," అని ఆపింది. బస్సుకి లేస్తే గుమ్మం దాకా కూడా రాలేదు. వచ్చింది దానయ్యే.

"అప్పా, అమ్మకి నీ మీద కోపమేటి?"

"కోపం ఉంటే బాగుణ్ణురా. తిట్టించుకుని పోదును."

"నీ ఒక్కదానితోనే కాదులే. మొన్న ఉప్పాడ పిన్నమ్మొచ్చినా అలాగే కూకోబెట్టింది. ఇంటోళ్ళతో బాగానే ఉంటాది, ఈదిలోల్లతో బాగానే ఉంటాది. సుట్టాలొస్తేనే అలాగుంటాది."

బస్సొచ్చింది, ఎక్కలేదు. వాణ్ణి ఆ మాట మళ్ళీ అనమన్నాను. సుట్టాలొస్తే, అన్నాడు వాడు, నాకు పిచ్చెక్కిందేమోనన్నట్టు చూస్తూ.

మర్నాడు పొద్దున్నే జనరేటర్ షెడ్డు వెనక ప్రణీత్‌ని పట్టుకున్నాను. చేతిలో సిగరెట్టు దాచుకోబోయాడు. దాచుకోకు బాబూ, మా అమ్మ మాటలు వినిపించు అన్నాను. మొదట రూల్సన్నాడు. ఈ సిగరెట్టు సంగతి డైరెక్టరుగారికి కూడా రూలు ప్రకారమే చెబుతానన్నాను. లోపలికి తీసుకెళ్ళి పెట్టాడు.

అమ్మ గొంతు. పుండున్నప్పటి గొంతు, నన్ను గుంటా అనే రోజులది.

"సుట్ట గురించి సెప్పాలేటి బాబూ? ఏటి సెప్తాను. సిన్నప్పట్నుంచీ అలవాటు. కడుపు నిండితే సుట్ట, కడుపు మండితే సుట్ట. మరి నాకో కూతురుంది. పెల్లయింది, అదిప్పుడు సుట్టమైపోనాది. సుట్టంలాగే వొస్తాది. అదొచ్చిన్నాడు నాను సుట్ట ముట్టుకోను, దానికి పడదు. సూరులో దోపీస్తాను. అది బస్సెక్కీసినాక, ఏటో, రెండు సుట్టలు కాల్సితే గానీ సెయ్యాడదు బాబూ. ఇంకో సుట్టమెవులొచ్చినా నాకలాగ ఉండదు. ఉప్పాడ నుంచి మా సెల్లి వొచ్చినా ఉంటాది గానీ, దీని లెక్క కాదు. ఇదే నాకు పెద్ద సుట్టం."

అక్కడ నవ్వు వినిపించింది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు. కళ్ళు తుడుచుకున్నది అప్పుడే.

తెర మీద ఆమె మాటల కింద ఎర్రగీతలున్నాయి. యంత్రం పట్టుకున్న మాటలవి. చుట్ట కిందా గీత, చుట్టం కిందా గీత. చుట్టం అన్నచోటే వెలుగు ఎక్కువ ఉందేమో, అక్కడ గీత లావుగా ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"కీవర్డ్ మేడమ్. చుట్ట. సిస్టమ్ దాని ఫార్మ్స్ అన్నీ తీసుకుంటుంది. చుట్ట, చుట్టం, చుట్టాలు..." ప్రణీత్ ఏలక్కాయ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చాడు. "పుస్తకం, పుస్తకాలు ఉంటుంది కదా, అలాగే చుట్టం, చుట్టాలు. సేమ్ వర్డే కదా? ఆమె యాక్సెంట్‌లో సుట్ట అంటే కూడా కరెక్ట్‌గా పట్టుకుంది చూడండి."

తెలుగు వచ్చిన సిస్టమ్. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టేసే రకం. తెలుగు వచ్చిన ఇంజనీరు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ వచ్చో తేల్చడం నా వల్ల కాలేదు. మీ ఇంటికి చుట్టాలొస్తే నువ్వు వాళ్ళని వెలిగిస్తావా బాబూ అని అడిగాను. ఒక క్షణం అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. అతని మీద నాకున్న అసహ్యంలో కొంచెం తగ్గింది అప్పుడే, మరీ ఎక్కువ కాదు.

"తిరిగి తేవచ్చు మేడమ్," అన్నాడు. "కానీ రెండూ ఒకే ముడిలో పడిపోయాయి. విప్పితే రెండూ వస్తాయి."

"రెండూ అంటే?"

"మీరూ వస్తారు. చుట్టా వస్తుంది."

డైరెక్టరుగారి గదికెళ్ళాను. ఆయన అంతా విన్నారు, మధ్యలో రెండు ఫోన్లు మాట్లాడి.

"ఇంట్లోవాళ్ళతో బాగానే ఉంది కదమ్మా రత్నం? పక్కింటివాళ్ళతో బాగానే ఉంది కదా? మరి దీన్ని సైడ్ ఎఫెక్ట్ అని ఎలా అంటాం?" అన్నారు. "మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. ఫోన్ చేస్తే మా ఆవిడా రెండు ముక్కలే మాట్లాడుతుంది. పెళ్లయ్యాక ఎక్కడైనా ఇంతే. అసలు నీకు కృతజ్ఞత ఉండాలి. ప్రాణం నిలబడింది."

ప్రాణం నిలబడిన మాట నిజమే. ఆ నిజాన్ని ఆయన పిడికిట్లో పట్టుకుని నా మొహం మీద ఊపుతున్నాడు. అంత చదువుకున్న మనిషికి తల్లి ప్రేమా, భార్య ఫోనూ ఒకటే లెక్కలో కనిపించాయి. ఆయనకే టోపీ పెడితే యంత్రానికి వదులు చేయడానికి ఏమైనా దొరుకుతుందా అని ఆలోచించాను. దొరికితే డైరెక్టరు కుర్చీ మీద మోజు దొరుకుతుంది, ఇంకేం లేదు.

ఇకనుంచి టోపీ కింద ఎవరు కూర్చున్నా పక్కన నేనుంటాను, ఏ మాట దేనికో నేను చెప్పాకే మీట నొక్కాలి అన్నాను. కాదంటే మెట్ల దగ్గర ఆ పోస్టరు కింద నిలబడి వచ్చినవాళ్ళందరికీ మా అమ్మ మాటలు వినిపిస్తానన్నాను. ఒప్పుకున్నారు. తప్పు జరిగిందని కాదు, పరువు పోతుందని. గాజు తలుపు మీద బోర్డు ఆ సాయంత్రమే తీసేశారు.

మిగిలింది అమ్మ. ముడి విప్పాలంటే ఆమె ఒప్పుకోవాలి.

పాలెం వెళ్ళి చాప మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. టోపీ పెట్టినప్పుడు చుట్టతో పాటు నా మీద ఆశ కూడా పోయిందమ్మా అన్నాను. అమ్మ శ్రద్ధగా వింది. చేపల బేరం వినేటప్పుడు కూడా అంతే శ్రద్ధగా వింటుంది.

"నిజవేనేమో," అంది. "నిన్ను సూస్తే మునుపు ఏదో ఉండేది. ఉండేదని తెలుసు. ఇప్పుడు నేదు."

"అది తిరిగొస్తాది. మరి చుట్ట కూడా వొస్తాది. నీకు కావాలనుందేటి?"

అమ్మ కాసేపు ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, నాకోసం కాకపోయినా అడిగినందుకు.

"నాకేటీ లోటు కనపడదమ్మా. ఆకలేస్తాది, తింతాను. దానిగాడితో దెబ్బలాడతాను, నవ్వుకుంటాను. ఆశే పుట్టకపోతే అది కావాలని ఎలాగ అనుకోను? సుట్ట నేదని దిగులు నేదు. నువ్వు నేవని దిగులు నేదు. మరి నీకు కావాలా?"

నేను కొంగు కళ్ళకద్దుకున్నాను.

"నీకు కావాలంటే మల్లీ ఆ టోపీ ఎట్టించుకుంతాను," అంది. "ఏముంది అందులో. పొరుగింటోల్లొచ్చి ఇంత దుఃఖంగా అడిగినా కాదనను కదా."

ఎంత మంచి మనిషి మా అమ్మ. ఎవరో ఒకామె ఏడుస్తోందని తన అంగిట్లోకి మళ్ళీ నిప్పు తెచ్చుకోడానికి ఒప్పుకుంది. ఒక్క మాట చాలు నాకు. అవునంటే రేపో ఎల్లుండో నా మాడు వాసన చూస్తుంది, నూనె రాయలేదని తిడుతుంది. నేను బస్సెక్కగానే చూరులోకి చెయ్యి పెడుతుంది. కొత్తగా మానిన కోత మీద నిప్పు. అప్పుడు ఆ సర్జన్ చెప్పినట్టు కోయడానికి ఏమీ ఉండదు. నన్ను ప్రేమిస్తూ చచ్చిపోతుంది. నా గదికి వచ్చే ప్రతివాడికీ నేను చెప్పే మాట ఏమిటంటే, ఆశ పుట్టగానే చెయ్యి చాచొద్దు, ఒక్కసారి ఆగు అని. ఆ రోజు నా మాట నేనే పాటించాల్సొచ్చింది.

"వద్దులే," అన్నాను.

"నీ ఇష్టం," అంది అమ్మ. మళ్ళీ వల అల్లుకోవడంలో పడింది.

తర్వాత చాలా ఆదివారాలు పాలెం వెళ్ళలేదు. చాప మీద మొగమాటపడకుండా తినే శక్తి నాకు లేకపోయింది. ఒకరోజు భీమిలి వైపు పనుండి సంత మీదుగా వచ్చాను. ఎండ పొద్దు, ఐసు నీళ్ళు, కాకులు. వరసలో చివర గంప ముందు అమ్మ కూర్చుంది. పలక బిగించిన నోటితో, చుట్ట లేని నోటితో, అందరికంటే గట్టిగా అరుస్తోంది. ఒళ్ళు కొంచెం చేసింది. ముందున్న ఆవిడకి చేప తూచి, మీద ఒకటి కొసరు వేసి పంపింది. నేను తప్పించుకుని పోదామనుకున్నాను. నా చేతిలో సంచి ఉంది, అది ఆమె కంటపడింది.

"రా కూతురా," అంది.

నన్ను గుర్తుపట్టకపోలేదు, పట్టింది. అయినా సంచి పట్టుకుని గంప ముందు నిలబడ్డ ఆడది ఎవరైనా ఆమెకి కూతురే. ఆ పిలుపు జోలికి ఏ టోపీ పోలేదు. అది చుట్టరికంలోది కాదు, వ్యాపారంలోది.

నేను గంప ముందు గొంతుక్కూర్చున్నాను. నెత్తళ్ళు ఎలా ఇస్తావని అడిగాను. చెప్పింది. ఎక్కువన్నాను.

"ఓలమ్మ, ఈ కూతురికి బేరం బాగా తెల్సు," అని పక్క గంప ఆవిడతో నవ్వింది. "తాజావే కూతురా, వాసన సూడు."

తల వంచి వాసన చూశాను. చాలాసేపు చూశాను. అమ్మ నెత్తళ్ళు సంచిలో పోసి, నా మొహం చూసి, అడక్కుండానే ఇంకో గుప్పెడు కొసరేసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం పోతున్నాను. మా ఇంట్లో నెత్తళ్ళు తినలేక చస్తున్నారు. శనివారం సాయంత్రం నుంచే సంచి వెతుక్కుంటాను, చెయ్యాడదు. ఇది ఎలాంటి రోగమో నాకు బాగా తెలుసు, దాన్ని మాన్పించడమే నా ఉద్యోగం. పై అంతస్తులో యంత్రం ఉంది, ప్రణీత్ కూడా ఊరికే పెడతానన్నాడు.

వద్దన్నాను. డబ్బు ఇచ్చి లేస్తుంటే అమ్మ వెనకనుంచి కేకేస్తుంది, కొన్న ప్రతి మనిషికీ వేసే కేకే.

"మల్లీ రా కూతురా."